మొక్కజొన్న తీపి పిల్లలకు మంచిది కాదంటున్నారు, మరి దాన్ని పెట్రోల్‌లో కలిపితే మేలేనా?

కేసీ_కాలువ_రైతు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. మాది కర్నూలు దగ్గర పల్లె, కేసీ కాలువ కింద నాలుగెకరాలు, రెండేళ్లుగా మొక్కజొన్న వేస్తున్నా. మొన్న ఆదివారం మా అక్క అమెరికా నుంచి వీడియో కాల్ చేసినప్పుడు మా పాప బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొని కనపడింది. అంతే, అక్కడి నుంచే అరుపులు. "ప్యాకెట్ వెనక చదివినావా, కార్న్ సిరప్, అదే మొక్కజొన్న తీపి పాకం, ఉంటే పిల్లకు పెట్టొద్దు, ఇక్కడ జనం దాంతోనే ఇట్లా లావైపోయినారు" అంటుంది. తిప్పి చూస్తే కార్న్ సిరప్ అని ఎక్కడా లేదు గానీ లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ అని మూడు పేర్లున్నాయి. ఇవి మొక్కజొన్న నుంచే వస్తాయని ఎవరో చెప్పినారు. అంటే నేను పండించిందే నా బిడ్డకు పెట్టొద్దని చెప్తోంది మా అక్క. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో సంగతి. పోయిన నెల 40 క్వింటాళ్లు అమ్మినా. 2025-26కు మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలని పేపర్లో ఉండింది, నాకు పడింది 1,900, అందులోనూ తేమ 17 శాతం ఉందని తరుగు తీసినారు. ఇదేం న్యాయం అని అడిగితే ఆ వ్యాపారి "ఇది తిండికి పోయేది కాదులే, ఇథనాల్‌కు పోతుంది, వాళ్లిచ్చే రేటే మాకు" అన్నాడు. ఇథనాల్ అంటే గింజలోని పిండిని పులియబెట్టి తీసే ఆల్కహాల్, దాన్నే పెట్రోల్‌లో కలుపుతారు. ఇంకా 70 క్వింటాళ్ల దాకా కళ్లంలోనే ఉంది.

నా అనుమానం ఏమంటే, మొక్కజొన్న తీపి నిజంగా చక్కెర కన్నా చెడ్డదైతే దాన్ని తిండిలో వాడకుండా ఆపేసి మొత్తం పెట్రోల్‌లోకి పంపిస్తే అటు పిల్లల ఒళ్లు, ఇటు రైతు రేటు రెండూ బాగుపడతాయి కదా? ఇందులో ఏమైనా మెలిక ఉందా? మా బావమరిది మాత్రం తన 2014 బండి ఇథనాల్ కలిపిన ఈ కొత్త పెట్రోల్‌తో పాడైపోయిందని రోజూ తిడుతున్నాడు, అది వేరే కథ.

పిండి_ల్యాబ్ (అనంతపురం)

అన్నా, నేను ఆరేళ్లు స్టార్చ్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసినా, ఇప్పుడు ఊర్లోనే వేరే పని చూసుకుంటున్నా. మీ అక్కగారు చెప్పే వస్తువు వేరు, మీ పాప చేతిలో ఉన్నది వేరు. ముందు ఆ రెండూ విడదీస్తే సగం టెన్షన్ పోతుంది.

మొక్కజొన్న గింజను సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన వెచ్చని నీళ్లలో ఒకటిన్నర రోజు, రెండు రోజులు నానబెడతారు. బాగా ఉబ్బినాక విరగ్గొట్టి మొలకొచ్చే భాగాన్ని నూనెకు, పొట్టును దాణాకు వేరు చేస్తే చివరికి తెల్లగా పాల మాదిరి పిండి నీళ్లు మిగులుతాయి. ఈ పిండి అంటే గ్లూకోజ్ పూసలను గుచ్చిన పొడుగాటి దండ అనుకోండి. ఎంజైమ్ వేస్తే దండ తెగుతూ వస్తుంది. పెద్ద ముక్కలుగా ఉన్నప్పుడే ఆపితే మాల్టోడెక్స్‌ట్రిన్, దానికి తీపి ఉండీ లేనట్టు ఉంటుంది. ఇంకొంచెం తెగనిస్తే లిక్విడ్ గ్లూకోజ్, తేనె కన్నా చిక్కగా సాగుతుంది. పూర్తిగా ఒక్కో పూస విడిపోయేదాకా పోతే డెక్స్‌ట్రోజ్, ఎండకు కళ్లు తిరిగినప్పుడు నీళ్లలో కలుపుకొని తాగుతామే ఆ గ్లూకోజ్ పొడి. అమెరికా వాళ్లు ఇంకో అడుగు వేసి మరో ఎంజైమ్‌తో ఆ గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని ఫ్రక్టోజ్‌గా మారుస్తారు, అది గ్లూకోజ్ కన్నా బాగా తియ్యన. అదే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్, మీ అక్కగారు తిట్టేది దాన్నే. అందులో 42 శాతం ఫ్రక్టోజ్ ఉండేది ఒకటి, 55 శాతం ఉండేది ఒకటి, కూల్ డ్రింకుల్లో పోసేది 55ది.

ఇప్పుడు మన చెరకు చక్కెర సంగతి చూడండి. అది కడుపులోకి పోయినాక సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. అంటే 50. ఆ 55కూ ఈ 50కీ ఒంటికి పెద్ద తేడా ఏముంటుంది? అమెరికాలో బయటి దేశాల చక్కెర మీద కోటాలు, సుంకాలు పెట్టి దాని ధర ఎక్కువగా ఉంచినారు, మొక్కజొన్నేమో అక్కడ కుప్పలు తెప్పలు. అందుకే 1984లో కోక్, పెప్సీ రెండూ అక్కడ చక్కెర వదిలి ఈ సిరప్‌కు మారినాయి. ఆరోగ్యం కోసమో, ఆరోగ్యం చెడగొట్టాలనో కాదు, డబ్బు లెక్క అది. ఇంకో విషయం, అక్కడ ఈ సిరప్ వాడకం 1999 చుట్టుపక్కల శిఖరానికి పోయి అప్పటి నుంచి తగ్గుతూనే వస్తోంది, లావయ్యే జనం మాత్రం తగ్గలేదు.

మన దగ్గర చెరకు చక్కెర కావలసినంత ఉంది కాబట్టి ఆ సిరప్ అవసరమే పెద్దగా పడలేదు, ఇక్కడి కూల్ డ్రింకుల్లో ఉండేది చక్కెరే. మీ ప్యాకెట్ మీది మూడు పేర్లలో ఇన్వర్ట్ సిరప్ అయితే చక్కెరను విడగొట్టి చేసిందే, దానికి మొక్కజొన్నతో సంబంధం లేదు. మిగిలిన రెండింటిలో ఫ్రక్టోజ్ లేనట్టే.

పాపకు బిస్కెట్లు తగ్గించమని చెప్పండి, అందులో తప్పు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకే రోజుకు పైనుంచి వేసే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలు, అంటే ఆరు చెంచాలు. ఒక 300 ఎంఎల్ కూల్ డ్రింకులో 30 గ్రాములు దాటి ఉంటుంది. కానీ మొక్కజొన్న తీపి ఆపేస్తే బిస్కెట్ల వాళ్లు తీపి తగ్గిస్తారని మీరు అనుకుంటే పొరపాటు. ఆ స్థానంలో ఇంకో గిద్దెడు చక్కెర పోస్తారు. మీ ప్రశ్నలో మెలిక అదే.

బుడ్డల_చిక్కీ (తాడిపత్రి)

మాది చిన్న మిఠాయి అంగడి, మా నాయన కాలం నుంచి ఉంది. లిక్విడ్ గ్లూకోజ్ అంటే విషం అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ అది లేకుండా ఈ రోజుల్లో సోన్ పాపిడి చేసి చూపించమనండి. పాకం చల్లారేటప్పుడు చక్కెర మళ్లీ గింజ కట్టి నోట్లో ఇసుక మాదిరి అవుతుంది, గ్లూకోజ్ కొంచెం పడితే అట్లా కాదు. మా జేజి ఆ రోజుల్లో పాకంలో నిమ్మకాయ పిండేది, ఆ పులుపు కూడా చేసేది అదే పని, చక్కెరను విడగొట్టడం. పైన ల్యాబ్ అన్న చెప్పిన ఇన్వర్ట్ సిరప్ ఆమె పొయ్యి మీదే తయారయ్యేది, పేరు తెలియదు అంతే.

బుడ్డల (వేరుశనగ) చిక్కీకి మాత్రం నేను బెల్లం తప్ప ఏమీ వేయను. పక్క అంగడి వాళ్లు గ్లూకోజ్ ఎక్కువ పోసి చిక్కీ చేస్తారు, నిగనిగలాడుతుంది, చూడటానికి బాగుంటుంది, కానీ వానాకాలంలో రెండో రోజుకే జిగటగా చేతికి అంటుకుంటుంది. గ్లూకోజ్ డబ్బా తెచ్చుకునే మాకు అది తాపియోకాతో (కర్రపెండలంతో) చేసిందో మొక్కజొన్నతో చేసిందో కూడా తెలియదు, ఏది చవకైతే అది వస్తుంది.

రెండు_చక్రాలు (కర్నూలు)

బావమరిది బండి గురించి చెప్తా, ఎందుకంటే రోజుకు ఇట్లాంటి కేసులు నాలుగు చూస్తా. ఇథనాల్‌లో పెట్రోల్‌లో ఉన్నంత సత్తువ ఉండదు, లీటరుకు లీటరు చూస్తే మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపితే మొత్తం మీద పోయేది ఆరేడు శాతం. నీతి ఆయోగ్ 2021 రిపోర్టులో పాత టూవీలర్లకు మైలేజీ 3-4 శాతం తగ్గొచ్చని రాసినారు. అంటే 50 ఇచ్చే బండి 48 ఇస్తుంది, మరీ అయితే 47. అంతకు మించి పడిపోయిందంటే కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ చూపించుకోమను, అన్నీ ఇథనాల్ ఖాతాలో రాయొద్దు.

అయితే ఆయన తిట్టడంలో న్యాయం లేకపోలేదు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లలోనే పైపులు, రబ్బర్లు ఈ 20 శాతానికి తట్టుకునేట్టు పెడుతున్నారు. 2014 బండిలో ఆ రబ్బరు దెబ్బతిని పగుళ్లివ్వొచ్చు. ఇంకోటి, ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది, వానలో మూత సరిగ్గా లేని ట్యాంకు నెల రోజులు కదలకుండా పెడితే కింద నీళ్లు పేరుకుంటాయి. రెండు వందల రూపాయల పైపు మార్చుకుంటే సగం గొడవ పోతుంది.

కోళ్ల_షెడ్డు (కడప జిల్లా)

అందరూ పాప గురించి, బండి గురించి మాట్లాడుతున్నారు, మా కోళ్ల గురించి అడిగేవాడు లేడు.

నా దగ్గర పది వేల గుడ్ల కోళ్లున్నాయి. ఒక్కో కోడి రోజుకు 110 గ్రాముల దాణా తింటుంది, అందులో సగానికి పైనే మొక్కజొన్న. అంటే రోజుకు ఆరు క్వింటాళ్లు. క్వింటా మీద 400 పెరిగితే నాకు రోజుకు 2,400 అదనం, నెలకు 72 వేలు. గుడ్డు రేటు మాత్రం నా చేతిలో లేదు. అసలు మన దేశం మొక్కజొన్న బయటికి అమ్ముకునే దేశం, ఇథనాల్ గిరాకీ వచ్చినాక 2024లో మయన్మార్, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. అమెరికాలో చవకగా ఉన్నా తెచ్చుకోలేం, అక్కడిది ఎక్కువ భాగం జన్యుమార్పిడి విత్తనం, మన దగ్గర దానికి అనుమతి లేదు.

ఇథనాల్ వాళ్లు ఒక మాట చెప్తారు, "పిండి మాత్రమే మేం తీసుకుంటాం, మిగతాదంతా దాణాగా మీకే తిరిగొస్తుంది" అని. నిజమే, క్వింటా గింజలకు దాదాపు 30 కిలోల పిప్పి వస్తుంది, డీడీజీఎస్ అంటారు, ప్రొటీన్ బాగానే ఉంటుంది. కానీ అందులో పిండి ఉండదు, కోడికి సత్తువ పిండి నుంచే కదా. పైగా గింజకు బూజు పట్టి ఉంటే ఆ విషం మూడింతలు చిక్కబడి ఈ పిప్పిలోకి వస్తుంది. ఒకసారి తడిసిన సరుకుతో చేసిన పిప్పి తెలియక కలిపినా, పది రోజులు గుడ్లు తగ్గిపోయినాయి. అప్పటి నుంచి టెస్టు చేయించకుండా బస్తా దించను.

మొక్కజొన్న తగ్గించి నూకలు పెట్టి చూసినా. కోడి బాగానే తింటుంది గానీ గుడ్డు పగలగొడితే సొన పాలిపోయి ఉంటుంది, ఆ పసుపు రంగు మొక్కజొన్న నుంచే వస్తుంది. కడపలో ఒక హోటలాయన "ఏం సామీ, కోళ్లకు పసుపు అయిపోయిందా" అని ఫోన్ చేసినాడు.

కేసీ_కాలువ_రైతు (కర్నూలు)

అందరికీ థాంక్స్. ల్యాబ్ అన్నా, మీ మాటలు అట్లనే అక్కకు పంపినా, "అయితే బిస్కెట్లు కూడా పెట్టొద్దు" అనింది, ఆమె ఆమే.

కోళ్ల అన్నా, నీ బాధ అర్థమైంది, కానీ నాకు ఒకటి అర్థం కాలేదు. బయటి దేశం నుంచి తెచ్చుకునేంత గిరాకీ ఉంటే నాకు 1,900 ఎందుకిచ్చినారు? గిరాకీ పేరు చెప్పి మమ్మల్ని వేయమన్నది మీరే, వేసినాక రేటు లేదనేదీ మీరే (మీరంటే నిన్ను కాదులే).

పిండి_ల్యాబ్ (అనంతపురం)

అదే చెప్పబోతున్నా. క్వింటా మొక్కజొన్నకు 38 లీటర్ల దాకా ఇథనాల్ వస్తుంది. మొక్కజొన్న ఇథనాల్‌కు ఆయిల్ కంపెనీలు ఇచ్చే రేటు 2024 జనవరిలో లీటరుకు 71.86 చేసినారు. అంటే క్వింటా మీద ఫ్యాక్టరీకి వచ్చేది 2,730 చిల్లర, పిప్పి అమ్మితే ఇంకొంత. మీకు 2,400 ఇస్తే వాడికి మిగిలే 330లో, ఆ పిప్పి డబ్బులో బాయిలర్, కరెంటు, ఎంజైమ్, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ తీయాలి. అందుకే ఇథనాల్ రేటు ఎవరో పై నుంచి కట్టేసినప్పుడు ఫ్యాక్టరీ వాడు బేరం ఆడేది కింద మీ దగ్గరే. ఆ రేటు దాటి మీకు ఎక్కువ రాదు, తక్కువ మాత్రం ఎంతైనా రావచ్చు.

దానికి తోడు 2025లో ఎఫ్‌సీఐ (కేంద్రం తరఫున ధాన్యం కొని నిల్వచేసే సంస్థ) గోదాముల బియ్యం క్వింటా 2,250కే ఇథనాల్‌కు ఇచ్చినారు. బియ్యంలో పిండి మొక్కజొన్నలో కన్నా ఎక్కువ, కాబట్టి ఆ రేటుకు బియ్యం దొరికితే మీ గింజకు పోటీ ఎక్కడిది? అంతకు ముందు 2023 డిసెంబర్‌లో చక్కెర కొరత వస్తుందని చెరకు రసాన్ని ఇథనాల్‌కు వాడకుండా కట్టడి చేసినారు, అప్పుడు మొక్కజొన్నకు ఎక్కడ లేని గిరాకీ వచ్చింది. ఆ రేటు చూసి అందరూ వేసినారు, సరుకంతా ఒకే నెలలో యార్డుకు వచ్చింది. చెరకుకు గేటు మూస్తే మీకు తెరుచుకుంటుంది, బియ్యానికి గేటు తీస్తే మీది మూసుకుంటుంది.

అమెరికాలో కూడా ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున. అక్కడ పండే మొక్కజొన్నలో మూడో వంతు దాటి ఇథనాల్‌కు పోతుంది, 2005, 2007 చట్టాలతో ఇంత కలిపి తీరాలని రాసిపెట్టుకున్నారు. రైతుకు కొన్నేళ్లు బాగా వచ్చింది, నిజం. 2007లో మెక్సికోలో మొక్కజొన్న రొట్టెల ధర పెరిగి జనం వీధుల్లోకి వచ్చినారు, అది కూడా నిజం. అయితే అన్ని తప్పులూ ఇథనాల్ మీద వేయను, అప్పుడు వ్యాపారులు దాచిపెట్టిన సరుకు కథ కూడా ఉంది.

నాన్నకు_షుగర్ (అనంతపురం)

ల్యాబ్ అన్నా, మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా నాన్నకు షుగర్, "నో యాడెడ్ షుగర్" అని రాసిన బిస్కెట్లు ప్రత్యేకంగా తెస్తాం. మీరు చెప్పింది చదివి ప్యాకెట్ చూస్తే అందులో కూడా మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంది! పెట్టొచ్చా?

పిండి_ల్యాబ్ (అనంతపురం)

అక్కా, అది తియ్యగా లేకపోయినా కడుపులోకి పోయిన వెంటనే గ్లూకోజ్ అవుతుంది, రక్తంలో చక్కెర గబుక్కున పెంచుతుంది. ప్యాకెట్ మీద షుగర్స్ అనే వరుసలో అది దాదాపు లెక్కకు రాదు, పూసలు ఇంకా దండగా ఉన్నాయి కాబట్టి. అందుకని ఆ వరుస కాదు, పైన కార్బోహైడ్రేట్ అని ఉంటుంది, అది చూడండి. సార్బిటాల్ అని కూడా ఉంటే అది రక్తంలో అంత పెంచదు గానీ ఎక్కువ తింటే విరేచనాలు. ఎంత పెట్టాలో మీ డాక్టర్ గారిని అడగండి, నేను పిండి మనిషిని, మందుల మనిషిని కాదు. మా ఇంట్లో అయితే ఆ బిస్కెట్ల బదులు సాయంత్రం గుప్పెడు వేయించిన బుడ్డలు.

మెట్ట_చేను (కళ్యాణదుర్గం)

కేసీ కాలువ కింద ఉన్నాయన మొక్కజొన్న వేస్తాడు, సరే. మా అనంతపురం వైపు ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టే, అది కూడా ఎప్పుడు పడుతుందో దేవుడికి ఎరుక. మొక్కజొన్నకు పంటకాలంలోనే దాదాపు అంత కావాలి. అయినా బోర్లు వేసి మరీ వేస్తున్నారు, కత్తెర పురుగుకు మందులు కొట్టి కొట్టి ఖర్చు పెంచుకుంటున్నారు. ఇథనాలే కావాలంటే తీపి జొన్న ఉంది కదా, మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్లు ఎన్నో ఏళ్లు దాని మీదే పనిచేసినారు, 2018 జీవ ఇంధనాల పాలసీలో దాని పేరూ ఉంది. కాడ పిండితే రసం, పైన కంకి తినడానికి, మిగిలింది పశువులకు. కానీ కోసిన కాడను ఒకటి రెండు రోజుల్లో గానుగ పట్టాలి, లేకపోతే తీపి పోతుంది, దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే ఎవరు వేస్తారు? మొక్కజొన్న గింజ బస్తాలో ఏడాది ఉంటుంది, అందుకే అందరికీ అదే ముద్దు.

కేసీ_కాలువ_రైతు (కర్నూలు)

కళ్యాణదుర్గం అన్నా, నిజమే, మాకు కాలువ నీళ్లు ఉన్నాయి కాబట్టి ఈ మాటలు మాట్లాడుతున్నా. అవి కూడా ఏ ఏడాదికాయేడు డౌటే.

నాకు అర్థమైంది ఇది. తిండిలో ఆపి పెట్రోల్‌లో పోసినంత మాత్రాన పాప ఒంటికి వచ్చేది ఏమీ లేదు, ఆ సంగతి ఇంట్లో నేనే చూసుకోవాలి. నాకు కావాల్సింది కొనేవాళ్లు ముగ్గురుండటం, కోళ్లాయన, పిండి ఫ్యాక్టరీ, ఇథనాల్, ముగ్గురూ. ఒకడే మిగిలితే వాడు చెప్పిందే రేటు. మిగిలిన 70 క్వింటాళ్లు పట్టలు పరిచి ఆరబెడుతున్నా, మద్దతు ధరకు కొనే మార్క్‌ఫెడ్ (సర్కారు సహకార సంస్థ) కేంద్రం తెరుస్తారేమో చూస్తా, ఈసారి మాత్రం 17 తేమతో తీసుకుపోయి తిట్లు తినను.

కోళ్ల_షెడ్డు (కడప జిల్లా)

తేమ ఇప్పుడెంత ఉంది? 14 లోపల ఉండి, బూజు లేకపోతే గింజ దగ్గర నుంచి ఫోటో తీసి మెసేజ్ పెట్టు. లారీ బాడుగ నేను పెట్టుకుంటా, రేటు ఫోన్లో మాట్లాడుకుందాం. 1,900 మాత్రం కాదులే.

కేసీ_కాలువ_రైతు (కర్నూలు)

నిన్న పొద్దున 15 చూపించింది. ఇంకో మూడెండలు పడనీ అన్నా, పెడతా.